బుచ్చవ్వ విన్న శోకం

ఏడుపు అందరికి వస్తది. శోకం తీసుడు అందరికి రాదు. మా ఊళ్లె నాకు వచ్చు. గొప్పలకు చెప్తలేను, ఎవలనన్న అడుగుండ్రి. ధర్మపురికి ఈ దిక్కున గోదారి పొంటి ఏ ఊళ్లె ఎవలు సచ్చినా ముందుగాల డప్పులోళ్లకు కబురు, ఎన్కనే ఈ ఐలవ్వకు కబురు. నేను పోయి పీనుగ తలాపున కూసుండి, కొంగు నోటికి అడ్డం వెట్టుకొని గొంతు లేపిన్నంటే, అప్పటిదాంక అరుగు మీద తంబాకు నములుకుంట ముచ్చట్లు వెట్టినోళ్లు సుత కండ్లు తుడుసుకోవాలె.

శోకమంటె ఉత్త ఏడుపు కాదు. సచ్చిన మనిషి ఏడ పుట్టింది, ఎవలింటికి వచ్చింది, ఏం కష్టం జేసింది, తాను తినకుంట పిల్లలకు ఏం దాసిపెట్టింది, అన్ని రాగంల వెట్టి చెప్పాలె. రాజులకు, దొరలకు రాసేటోళ్లుంటరు. మా అసొంటోళ్ల బతుకు గా ఒక్క పొద్దు శోకంలనే ఉంటది. విన్నోళ్లు యాదిల వెట్టుకుంటరు, పొలాలకాడ చెప్పుకుంటరు. గందుకే నా పనిని ఎవలన్న అల్కగ చూస్తె నాకు మండుతది.

గసొంటి నన్ను తప్పు వట్టింది బుచ్చవ్వ. మా పక్కిల్లే, నడుమ ఒక్క గోడ. మొగడు లచ్చయ్య పోయి శానేండ్లయింది. ఒక్కడే కొడుకు గట్టయ్య, బెల్లంపల్లి బొగ్గుబాయిల పని, పెండ్లాం పిల్లలతోని ఆడనే ఉంటడు. ఈడ బుచ్చవ్వకు మరిది హనుమండ్లు దిక్కు.

ఊళ్లెకు కరెంటు కంబాలు దింపుతున్న యేడాది అది. మా వాడ నాగయ్య తల్లి దినాలు అయిపోయినంక, బుచ్చవ్వ వాకిట్ల కూసుండి చింతపండు కొడుతున్నది. నన్ను పిలిచింది.

"ఐలీ, నాగయ్య తల్లికి ఏమని ఏడ్చినవే?"

"మంచిగనే ఏడ్చిన. ఎందుకక్కా?"

"మొగని మాటకు ఎదురు చెప్పని ఇల్లాలు అని ఏడ్చినవు. అది మొగన్ని చీపురుకట్టతోని వాడంత ఉరికిచ్చిన మనిషి."

నాకు నవ్వొచ్చింది. "సచ్చినోని కండ్లు చారెడు అంటరు గదక్కా. ఎవలకన్న గంతే."

బుచ్చవ్వ నవ్వలే. చేతిల రాయి పక్కకు వెట్టింది. "గదే నా ఫికర్. రేపు నేను సస్తె నా కండ్లు సుత చారెడు జేస్తవు. నాకున్న కండ్లు నాకు చాలు. బిడ్డ లేదు నాకు. కోడలు సరోజన బొగ్గుబాయి కాలనీల పుట్టింది, దానికి శోకమంటె ఏందో ఎర్కలే, కొంగుల మొకం వెట్టి ముక్కు చీదుడే. ఇగ నువ్వే దిక్కు. నాకేమని ఏడుస్తవో ఇప్పుడు ఏడువు. నేను వింట. తప్పుంటే చెప్త."

నేను చెంపలేసుకున్న. "నా నోట్ల మన్ను వడ! బతికున్న మనిషికి శోకం తీస్తరా? అరిష్టం గాదా?"

"సచ్చినంక తప్పు ఏడిస్తె లేచి చెప్పుమంటవా?" అన్నది.

సరే నోటితోని ఉత్తగ చెప్త అని మొదలు వెట్టిన. ఫలానా ఊళ్లె పుట్టినవు, లచ్చయ్య చెయ్యి వట్టుకొని వచ్చినవు, అత్త కానుపుల పోతె పొత్తిళ్ల మరిదిని నీ కొడుకుతోని పాటు ఒక్క తొట్టెల్నే ఊపినవు. ఇంతవరకు తల ఊపింది. "కాలు విరిగినా బాయి తవ్విన లచ్చయ్యకు గడ్డ మీదికి సద్ది మోసినవు" అన్ననో లేదో చెయ్యి అడ్డం వెట్టింది.

"ఆగు. సద్ది మోసుడు కాదు. బాయి నేను తవ్విన."

ఈ ముచ్చట మీకు తెలియాలంటే లచ్చయ్య బాయి గురించి చెప్పాలె. పోలీసు యాక్షన్ అయిన ఎంబడే వచ్చిన ఎండాకాలం తవ్విన బాయి అది. గుట్ట కింద, ఊరికి దూరం. కరువొచ్చి ఊళ్లె బాయిలన్ని ఎండిన యేడు సుత అది ఎండలే. వాడంత దాని నీళ్లే తాగి బతికినం. బండ వడి కాలు విరిగినా గడ్డపార ఇడువకుంట తవ్విండట లచ్చయ్య. మొగోడంటె గట్లుండాలె అని మా ఊళ్లె పిల్లలకు చెప్తరు. లచ్చయ్య సుత మీసం దువ్వుకుంట తిరిగేది.

"కాలు మొదట్లనే విరిగింది," అన్నది బుచ్చవ్వ. "మొరం అయిపోయి బండ తగిలిందో లేదో, రాయి జారి కాలు మీద వడ్డది. పొలంకాడి గుడిసెల పండవెట్టినం. ఊళ్లె అప్పుడంత ఆగమాగం, కూలోళ్లు దొరకలే. గట్టయ్య అప్పటికే బొగ్గుబాయిల పనికి వోయిండు. బాయి ఆగితె వానకాలం మట్టి కూలి పూడుతది, మల్ల తవ్వుడు మా తోని కాదు. అన్న దిగుమంటె హనుమండ్లు గడ్డ మీద నిలవడి గజగజ వణుకుతున్నడు. కండ్లముంగట అన్న నెత్తురు చూసిండు గదా. నేను లచ్చయ్య ధోతి గోసి వెట్టుకొని, రుమాలు సుట్టుకొని దిగిన. దూరంకెళ్లి చూసినోళ్లు బాయిల ఉన్నది లచ్చయ్యనే అనుకున్నరు. హనుమండ్లు గిరక మీద తట్టలు గుంజిండు. నీళ్లు వడ్డంక లచ్చయ్య కుంటుకుంట ఊళ్లెకు వచ్చిండు. అందరు ఆయిననే మెచ్చుకున్నరు. ఆడది బాయిల దిగితె గంగమ్మ అలుగుతది, నీళ్లు వడయి అంటరు గదా? నోరు మూసుకున్నం."

"మరి ఇన్నేండ్ల సంది ఎందుకు చెప్పలే?"

"లచ్చయ్య ఇంట్ల నాతోని చెప్పేది, బాయి నీదే బుచ్చీ అని. నాకు గది చాలనుకున్న. ఇప్పుడు ఆయిన లేడు. నేను సుత పోతె గా మాట ఎవలకు ఎర్క?" అన్నది. అనుకుంటనే కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. బుచ్చవ్వ ఏడ్వంగ చూసుడు నాకదే మొదటిసారి.

అయినా నాకు సగం నమ్మకం, సగం అనుమానం. శోకంల నేను పెంచి చెప్త గని అబద్ధం పుట్టియ్య. తెలిసినోడు ఇంకొకడే ఉన్నడు. తెల్లారి హనుమండ్లు ఎద్దులు వట్టుకొని పోతుంటె తొవ్వల ఆపిన.

హనుమండ్లంటె ఇప్పుడు పంచాయతి మెంబరు. తెల్ల ధోతి, ఎర్ర రుమాలు, మాటకు ముందు దగ్గు. నేను అడుగంగనే మొకం నల్లగయింది.

"ముసల్దానికి మతి దప్పింది ఐలక్కా. మా అన్న పేరు ఊరంత చెప్పుకుంటరు. ఆడది బాయి తవ్వింది, మొగోళ్లు గడ్డ మీద కూసున్నరు అని నువ్వు ఏడిస్తె మా ఇజ్జత్ ఏంగావాలె? గట్ల శోకం తీస్తివో, పీనుగ కాడికి నిన్ను రానియ్య."

అబ్బో! నన్ను రానియ్యడట! గీ ఐలవ్వకు ఎట్ల ఏడ్వాలెనో చెప్పేటోడు పుట్టిండు! నేను నడుము మీద చెయ్యి వెట్టిన. "కొండగట్టు అంజన్న పేరు వెట్టుకున్నవు గని తమ్మీ, దైర్నం మాత్రం గుట్ట మీది దేవుని కాడనే ఇడిసి వచ్చినట్టున్నవు. ఇన్నేండ్లాయె, గా బాయిల ఒక్కనాడన్న దిగి ఈత కొట్టినవా? మోట కొట్టుడు గడ్డ మీదికెళ్లే, తానం గడ్డ మీదనే. ఎందుకో చెప్పు."

వాడు ఎద్దులను అదిలించి పోయిండు. నాకు సగం కాదు, నిండ నమ్మకం కుదిరింది.

మల్లటి రోజు పగటీలి బుచ్చవ్వ ఇంటికి పోయిన. "తలుపు దగ్గరకు వెయ్యి అక్కా. నీకు శోకం తీస్త. ఎవడొస్తడో రానీ."

తలుపు పెట్టినం. నేను మొదలువెట్టిన గని ఏడుపు వస్తలేదు. ఎట్లొస్తది? ఎదురుంగ బుచ్చవ్వ కూసుండి నన్నే చూసుకుంట వక్కలు నములుతుంటె నాకు నవ్వొస్తున్నది. "నువ్వు జర పండుకో. మొకం మీద చెద్దరు కప్పుకో" అన్న. మొండి మనిషి, పండుకున్నది పండుకున్నట్టు పీనుగ లెక్క దచ్చినం దిక్కే తలకాయ వెట్టింది. "చేసేది సక్కగ చెయ్యాలె" అన్నది చెద్దరు కిందికెళ్లి.

తెల్ల చెద్దరు చూసినంక నాకు నిజంగనే దుఃఖం వచ్చింది. నిజం చెప్తున్న, గసొంటి శోకం నేను మా అవ్వకు సుత తియ్యలే.

"ఓ నా బుచ్చక్కా, ఏ తొవ్వ వడ్డవే అక్కా...
మొగోళ్లు జంకిన బండ మీద మొదటి దెబ్బ ఏసినవే అక్కా...
రుమాలు కింద కొప్పు దాసి పాతాళానికి దిగినవే అక్కా...
ఊరంత తాగిన నీళ్లల్ల నీ పేరు లేకపాయెనే అక్కా..."

మెల్లగ తియ్యాలెననే అనుకున్న. గని నా గొంతుకు తలుపొక లెక్కనా! బుచ్చవ్వ ఇంట్లకెళ్లి నా శోకం ఇనవడితె ఎవలేమనుకుంటరు? మా వాడ శంకరవ్వ బిందె నెత్తి మీద వెట్టుకొని తొవ్వెంట పోతున్నది. గా బిందె ఆన్నే దించి, "బుచ్చవ్వ పోయిందే!" అని వాడంత ఉరికింది. నాకు ఆ సోయే లేదు. శోకంల మునిగి ఉన్న.

తలుపు దబ్బున తెరుసుకున్నది. చూస్తె వాకిలి నిండ మంది. ఆడోళ్లు నెత్తి కొట్టుకుంట వస్తున్నరు. దూరంగ డప్పులు సుత మోగుతున్నయి. "అయ్యో, కాదు, ఆగుండ్రి..." అని లేవవోయిన. చెద్దరు కిందికెళ్లి ఒక చెయ్యి వచ్చి నా తొడ గిచ్చింది. అసొంటిసొంటి గిచ్చుడు కాదు, కండ ఊడివచ్చేటట్టు. నేను కుయ్యిమనుకుంట మల్ల కూసున్న. అది నొప్పికి అరిసిన అరుపని ఎవలకు ఎర్క? అందరు ఇంకింత ఏడ్చిండ్రు.

అంతల మందిని చీల్చుకుంట హనుమండ్లు వచ్చిండు. మోటకాడికెళ్లి ఉరికివచ్చినట్టుంది, మోకాళ్ల దాంక బురద, చేతిల ములుగర్ర. రుమాలు ఏడనో వడిపోయింది. నన్ను చూడలే, ఎవలను చూడలే. బుచ్చవ్వ కాళ్లమీద వడ్డడు.

"వదినె! నన్ను ఇడిసిపోతివా వదినె! కన్నతల్లిని నేను చూడలే. తల్లివైనా నువ్వే, వదినెవైనా నువ్వే. నిన్ననే మతి దప్పిందంటి నిన్ను. నా నోరు పడిపోను!"

చెప్పాల్నా, వద్దా? తొడ మీద చెయ్యి ఇంక అట్లనే ఉన్నది. ఊకున్న.

హనుమండ్లు లేసి మంది దిక్కు తిరిగిండు. పంచాయతిల మాట్లాడేటప్పుడు దగ్గుతడు గదా, అప్పుడు దగ్గలే.

"ఊరోళ్లారా, ఇనుండ్రి. అది లచ్చయ్య బాయి కాదు. మా అన్న కాలు విరిగి గుడిసెల వండె. దిగురా అంటె నేను దిగలే. భయమైంది నాకు. నా కాళ్లు రాలే. మా వదినె నన్నొక్క మాట అనలే. అన్న ధోతి గట్టుకొని దిగింది. ఎండాకాలమంత బండ కొట్టింది. చేతులు పగిలి తట్టలకు నెత్తురంటేది. నేను మొగోన్నై ఉండి గడ్డ మీద తాడు గుంజిన, గంతే. గా నీళ్లు మా వదినె తీసిన నీళ్లు. ఇన్నేండ్లు నోరు మూసుకున్నది నా ఇజ్జత్ కోసం."

వాకిట్లకొచ్చిన డప్పులోళ్లు సుత చేతులు ఆపిండ్రు.

అప్పుడు చెద్దరు కదిలింది.

"ఒకటి మర్సినవు బిడ్డా," అన్నది బుచ్చవ్వ లేసి కూసుంటూ. "నీళ్లు వడ్డనాడు మొదటి దోసెడు ఎవలు తాగిండ్రో చెప్పలే. నేనే తాగిన. బురదబురదగ ఉండె గని, గసొంటి తీపి నీళ్లు మల్ల తాగలే."

ఇగ చూడుండ్రి! శంకరవ్వ కెవ్వుమని గోడకు కరుసుకున్నది. సగం మంది వాకిలి దాటి ఉరికిండ్రు. హనుమండ్లు నోరు తెరిసి అట్లనే నిలవడ్డడు. వానికి ముందు గుస్స వచ్చింది, ఎన్క సిగ్గు వచ్చింది, ఆకర్కి బుచ్చవ్వ ఒడిల తలకాయ వెట్టి పసిపోరని లెక్క ఏడ్చిండు. బుచ్చవ్వ వాని నెత్తి నిమురుకుంట కూసున్నది.

జర తేరుకున్నంక, ఒక ముసలాయిన కట్టె తాటిచ్చుకుంట ముందుకొచ్చిండు. "బతికున్న మనిషికి శోకమేంది? ఊరికి అరిష్టం గాదా?"

బుచ్చవ్వ కొప్పు ముడేసుకున్నది. "ఆడది బాయిల దిగితె గంగమ్మ అలుగుతదంటిరి. ఇన్నేండ్ల సంది గవ్వే నీళ్లు తాగుతుండ్రు గదా మామా, ఎన్నడన్న కడుపు నొచ్చిందా?"

ముసలాయిన కట్టె ఆగింది. ఎన్కకెళ్లి ఎవలో కిసుక్కుమన్నరు. ఎన్కనే ఆడోళ్లందరు నవ్విండ్రు. నేనైతె గట్టిగనే నవ్విన, నాకెవల భయం?

"వచ్చిండ్రు గదా, కూసోండ్రి. అంత చెప్త," అన్నది బుచ్చవ్వ. కూసున్నరు. బాయిలకు ఎట్ల దిగింది, బండ సందు ఎట్ల పట్టుకున్నది, సమ్మెట ఎత్తేటప్పుడు మొగోని లెక్క మూలుగుడు ఎట్ల నేర్చుకున్నది, పొద్దు వంగేదాంక చెప్పింది. నేను సుత నోరు మూసుకొని విన్న. డప్పులోళ్లు ఉత్త చేతులతోని పోతరా? సావు డప్పు ఆపి పెండ్లి దరువు ఏసిండ్రు. తెల్లారికెళ్లి ఆడోళ్లు నీళ్లకు పోతుంటె "బుచ్చవ్వ బాయికి పోతున్నం" అన్నరు. ఎవలు చెప్పలే, ఎవలు అడుగలే, నోర్లు వాటంతట అవే తిరిగినయి.

పెయ్యి మీద సోయి లేకుంట ఎవలో బెల్లంపల్లికి సుత కబురు వంపిండ్రు. గట్టయ్య, సరోజన ఏడ్సుకుంట బస్సు దిగివచ్చి చూస్తె, అత్త వాకిట్ల జొన్నలు చెరుగుతున్నది. గా పోరి అట్లనే కూలవడి నవ్విందో ఏడ్సిందో. ముచ్చటంత ఇన్నంక మాత్రం నా కాడికి వచ్చింది. "చిన్నత్తా, నాకు శోకం నేర్పు. మా అత్త బతుకు నా నోటికి రావాలె" అన్నది. అత్త సచ్చిన ఆర్నెల్లకు కోడలు ఏడ్చిందని సామెత. మా సరోజన అత్త బతికుండంగనే నేర్చుకున్నది. ఎప్పుడొచ్చినా అత్త ముంగట కూసుండి రాగం తీసేది, అత్త తప్పులు దిద్దేది. "గడ్డపార కాదే, ఆడ సమ్మెట" అని కసిరేది. ఇద్దరు పక్కలు వట్టుకొని నవ్వేది.

పోయిన ఎండాకాలం బుచ్చవ్వ నిజంగనే పోయింది. పొద్దుగాల సల్ల తాగి పండుకున్నది, మల్ల లేవలే. శంకరవ్వ అయితె దగ్గరికొచ్చి చెద్దరు తీసి రెండుమాట్ల చూసింది, మల్ల మోసం జేస్తదేమో అని.

నేను తలాపున కూసున్న. అందరు నా దిక్కే చూస్తున్నరు. నోరు తెరిసిన, గొంతు రాలే. నా బతుకుల గసొంటిది ఎన్నడు కాలే. అంతల సరోజన అందుకున్నది. "రుమాలు కింద కొప్పు దాసి పాతాళానికి దిగినవే అత్తా..." ఒక్క మాట పొల్లు పోలే. ఎన్కకెళ్లి వాడ ఆడోళ్లందరు అందుకున్నరు. అందరికి నోటికి వచ్చు! నేను కొంగు నోటికి అడ్డం వెట్టుకొని విన్న. దుఃఖమైంది, అబద్ధం చెప్పద్దు. గని దుఃఖం కంటె ఎక్కువ, నా ఛాతి పొంగింది.

పాడె లేసింది. శ్మశానం తొవ్వల దింపుడు కల్లం ఉంటది, ఆడ పాడె దించి సచ్చినోళ్ల చెవుల పిలుస్తం, పానం మల్లుతదేమో అని. ఎప్పటి తావు కాడికి పోంగనే హనుమండ్లు పాడెకు అడ్డం నిలవడ్డడు. "ఈడ కాదు. గుట్ట కిందికి నడువుండ్రి" అన్నడు. సుట్టు తిరుగుడు అయితదని పెద్దలు గునిసిండ్రు. ఇన్లే. బాయి గడ్డ మీదనే దించిచ్చిండు.

గట్టయ్య చెవుల "అవ్వా" అని పిలిచిండు. ఎన్క హనుమండ్లు వంగిండు. నేను పక్కనే ఉన్న, ఇన్న.

"వదినె, నీ బాయికాడికి వచ్చినం. లేవకు, నువ్వు పండుకో. ఈ తాప నేను దిగుత."

ధోతి గోసి వెట్టుకున్నడు. రుమాలు సుట్టుకున్నడు. ఇన్నేండ్లు గడ్డ దాటని మనిషి, బండ సందులల్ల కాలు వెట్టుకుంట దిగవట్టిండు. కాళ్లు వణుకుతున్నయి, మాకు కనవడుతున్నది. గట్టయ్య సాయం వోతుంటె నేనే చెయ్యి వట్టి ఆపిన. అడుగుకు వోయి కడువ ముంచుకొని, మల్ల మెల్లగ ఎక్కివచ్చిండు. దోసిట్ల నీళ్లు వట్టి బుచ్చవ్వ నోట్లె వోసిండు. మొదటి దోసెడు ఆమెదే, ఆకరి దోసెడు సుత ఆమెదే అయింది.

వాడు నా దిక్కు తిరిగిండు. "ఐలక్కా, నేను సచ్చినంక ఇది సుత చెప్పు" అన్నడు.

చెప్త అన్న.